కలలో పరుగెత్తే కాళ్లను ఆపేదెవరు?



కుక్క తరుముకొస్తుంటుంది. మీరు పరుగెత్తుతుంటారు. గోడ దూకుతారు, గొంతు చించుకుని అరుస్తారు. ఉలిక్కిపడి లేచి చూస్తే కప్పుకున్న దుప్పటి కప్పుకున్నట్టే ఉంటుంది. పక్కన పడుకున్నవాళ్లకు మీరు కేక వేసిన సంగతే తెలియదు. అందరికీ అనుభవమే కాబట్టి ఇందులో వింతేమీ తోచదు. నిద్రపోతున్నాం గనక ఒళ్లు కదల్లేదు, అంతే కదా అనుకుంటాం. కానీ నిద్రపోయినంత మాత్రాన ఒళ్లు కదలకుండా ఉండదు. రాత్రి ఎన్నిసార్లో అటూ ఇటూ ఒత్తిగిలుతాం, దోమను తోలుకుంటాం, దుప్పటి లాక్కుంటాం. ఒళ్లు నిజంగా కదలకుండా పోయేది రాత్రిలో కొన్ని వేళల్లోనే. మనకు కలలు దండిగా వచ్చేదీ ఆ వేళల్లోనే. ఆ కదలకపోవడం దానంతటదే వచ్చేది కాదు, మెదడు పనిగట్టుకుని చేసే పని. అది ఎలా చేస్తుందో, చేయలేకపోతే ఏమవుతుందో ఈ పూట చెప్పుకుందాం.

కథ అమెరికాలో, షికాగో విశ్వవిద్యాలయంలో మొదలైంది. 1951 డిసెంబరులో యూజీన్ అసెరిన్‌స్కీ అనే పరిశోధక విద్యార్థి మెదడు తరంగాలను గీసే ఓ పాత ఈఈజీ యంత్రానికి తన 8 ఏళ్ల కొడుకును కలిపి, పక్క గదిలో కూర్చుని రాత్రంతా చూశాడు. అప్పట్లో అన్నీ కాగితం మీద సూదులు గీసే గీతలే. ఒక్క రాత్రికి సుమారు అర మైలు కాగితం ఖర్చయ్యేది. ఉన్నట్టుండి కంటి కదలికలు చూపించే సూదులు ఎగిరెగిరి పడటం మొదలుపెట్టాయి. పిల్లాడు లేచాడేమో అనుకుని లోపలికి వెళ్లి చూస్తే వాడు ఆదమరచి నిద్రపోతున్నాడు. మూసిన రెప్పల కింద కళ్లు మాత్రం గబగబా అటూ ఇటూ కదులుతున్నాయి. అసెరిన్‌స్కీ, ఆయన గురువు నథానియల్ క్లైట్‌మన్ కలిసి 1953లో ఈ సంగతి ప్రకటించారు. ఇంగ్లీషులో 'కళ్లు వేగంగా కదిలే నిద్ర' అనే మాటల మొదటి అక్షరాలు కలిపితే వచ్చిందే రెమ్ అనే పేరు. ఆ వేళలో నిద్ర లేపి అడిగితే ఎక్కువమంది కల చెప్పారు.

మన రాత్రి ఒకే తీరుగా సాగదు. సుమారు గంటన్నరకోసారి ఈ రెమ్ నిద్ర వచ్చి పోతుంటుంది. పెద్దవాళ్ల నిద్రలో అయిదో వంతు నుంచి నాలుగో వంతు దాకా ఇదే. మొదటి విడత కొద్ది నిమిషాలే, రాత్రి గడిచేకొద్దీ విడత పొడుగవుతుంది. తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందంటారు మన పెద్దలు. నిజమవడం సంగతి ఎలా ఉన్నా, తెల్లవారుజామున కలలు ఎక్కువ రావడం మాత్రం నిజమే.

కళ్ల సంగతి షికాగోలో తేలితే, కండరాల సంగతి ఫ్రాన్సులో తేలింది. లియాన్ నగరంలో మిషెల్ జూవే అనే శాస్త్రవేత్త పిల్లుల మీద ప్రయోగాలు చేస్తుండేవాడు. పిల్లి మెడ కండరాల్లో సన్నని తీగలు అమర్చి, వాటి బిగువును కొలిచేవాడు. మామూలు నిద్రలో పిల్లి ముందు కాళ్లు మడుచుకుని తల నిలబెట్టుకునే కునుకు తీస్తుంది. మెడలో కొంత బిగువు ఉంటేనే ఆ తల నిలుస్తుంది. నిద్ర సాగుతుండగా ఉండుండి ఆ బిగువు పూర్తిగా సున్నా అయ్యేది. తల వాలిపోయేది, ఒళ్లంతా మెత్తబడిపోయేది. మెదడు తరంగాలు మాత్రం మెలకువగా ఉన్న పిల్లికి ఉన్నట్టే కనిపించేవి. మెదడు మెలకువలో, ఒళ్లు గాఢనిద్రలో! ఈ వైరుధ్యం చూసి జూవే 1959లో దానికి 'విరుద్ధ నిద్ర' అని అర్థమొచ్చే ఫ్రెంచి పేరు పెట్టాడు. మెలకువ ఒకటి, నిద్ర ఒకటి, ఇది మూడోది అన్నాడు. జాగ్రత్, స్వప్న, సుషుప్తి అనే మూడు అవస్థలను వేరుచేసి చెప్పిన మాండూక్యోపనిషత్తు తెలిసిన మనకు ఆ లెక్క కొత్తగా అనిపించదు.

పశువులు ఉన్న ఇంట్లో ఈ బిగువు పోవడాన్ని కళ్లారా చూడొచ్చు. గొడ్లు సగం నిద్రలో నెమరు వేస్తూ కూడా తల నిలిపే ఉంచుతాయి. రెమ్ నిద్ర వచ్చినప్పుడు మాత్రం ఆవు మెడ వెనక్కి తిప్పి తలను డొక్కకు ఆనించేస్తుంది, లేదా నేల మీద వాల్చేస్తుంది. గుర్రం నిలబడే నిద్రపోతుందంటారు. అదీ నిజమే, కానీ రెమ్ నిద్ర కావాలంటే అది కూడా పడుకుని తీరాలి. నిలబెట్టే కండరాలు పట్టు వదిలేశాక నిలబడటం ఎలా సాధ్యం?

ఇక అసలు పనితీరు చూద్దాం. వెన్నుపాము మెదడుతో కలిసే చోట ఉండే భాగాన్ని మెదడు కాండం అంటాం. అందులో ఉబ్బెత్తుగా ఉండే భాగం పాన్స్. పాన్స్‌లో సబ్‌సెరూలియస్ అనే చిన్న నాడీకణాల గుంపు ఉంది. రెమ్ నిద్ర రాగానే ఇది చురుకై కిందికి ఆజ్ఞలు పంపుతుంది. ఆ ఆజ్ఞ పాన్స్ కింద ఉండే మెడుల్లాలో, వెన్నుపాములో ఉన్న నిరోధక కణాలకు చేరుతుంది. అవి గ్లైసిన్, గాబా అనే రెండు రసాయనాలను వదులుతాయి. ఎవరి మీద వదులుతాయి? కండరానికి ఆఖరి మాట చెప్పే నాడీకణాల మీద. దాంతో ఆ కణాలు పైనుంచి ఏ ఆజ్ఞ వచ్చినా పలకవు. మెలకువలో సుత్తితో తడితే ఎగిరే మోకాలి లాంటి ప్రతిచర్యలు కూడా ఆ సమయంలో అణగిపోతాయి.

డెల్టా ఊళ్లవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. పెద్దకాలువ నిండుగా పారుతుంటుంది, పొలం దగ్గర తూము మూసేసి ఉంటుంది. మడిలోకి చుక్క రాదు. అలాగని కాలువ ఎండిపోయిందనుకుంటే పొరపాటు.

కాలువ పారుతూనే ఉందనడానికి రుజువేమిటి? కలగంటున్నానని కలలోనే తెలుసుకోగలిగేవాళ్లు కొందరుంటారు. 2011లో జర్మనీలోని మ్యూనిక్‌లో అలాంటి వ్యక్తిని ఎంఆర్ఐ యంత్రంలో పడుకోబెట్టి, కలలో పిడికిలి బిగించమన్నారు. ఆయన కలలో పిడికిలి బిగించగానే మెదడులో ఆ చేతిని నడిపే చోటు చురుకైంది. అంటే కలలో మీరు పరుగెత్తినప్పుడు 'పరుగెత్తు' అన్న ఆజ్ఞ మెదడు నిజంగానే ఇస్తోంది. అది కాళ్లదాకా చేరడం లేదు.

ఆ కట్టడి ఎంత గట్టిదో 2012లో కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయం వాళ్లు ఎలుకల్లో పరీక్షించారు. గ్లైసిన్ పనిచేయకుండా అడ్డుకుని చూశారు, దవడ కండరం కదల్లేదు. గాబాను ఒక దారిలో అడ్డుకున్నారు, అయినా కదల్లేదు. గ్లైసిన్‌నూ, గాబా పనిచేసే రెండు దారులనూ కలిపి అడ్డుకున్నప్పుడే ఆ కండరం మేల్కొంది. ఒకటి తప్పినా మరొకటి ఆపేలా ప్రకృతి ఏర్పాటు చేసింది. తలుచుకుంటే అవసరమే మరి. చెట్టు కొమ్మ మీద నిద్రపోయే జంతువు కలలో దూకితే దాని గతేం కాను?

మరి ఒళ్లంతా కట్టిపడేస్తే ఊపిరి ఎలా ఆడుతుంది? ఈ కట్టడికి మినహాయింపులున్నాయి. పొట్టకూ ఛాతీకీ మధ్య ఉండే ఉదరవితానం పని ఆపదు. పక్కటెముకల మధ్య కండరాలు సడలిపోయినా ఊపిరి భారం అదొక్కటే మోస్తుంది. కళ్లను తిప్పే కండరాలకు కట్టడి లేదు, కాబట్టే అసెరిన్‌స్కీ సూదులు ఎగిరాయి. చెవి లోపలి బుల్లి కండరాలూ కదులుతుంటాయి. పక్క తడవకుండా కాపాడే కండరాలు కూడా తమ పట్టు తాము ఉంచుకుంటాయి.

ఈ మినహాయింపుల వల్ల ఓ లాభం ఉంది, కట్టడి వల్ల ఓ నష్టం ఉంది. లాభం పరిశోధకులకు. 1975లో ఇంగ్లాండులోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హర్న్ అనే పరిశోధకుడు ఓ మనిషితో ముందే మాట అనుకున్నాడు. కలలో ఉన్నానని తెలియగానే కళ్లు కుడికీ ఎడమకూ ఎనిమిదిసార్లు తిప్పాలి. ఆ మనిషి నిద్రపోయాడు, ఉదయం యంత్రం మీద ఆ గీతలు వరసగా పడ్డాయి. కల లోపలినుంచి బయటికి వచ్చిన మొదటి కబురు అది. చేయి కదలదు, నోరు పెగలదు, కన్నొక్కటే స్వేచ్ఛగా ఉంది గనక కబురు కంటితోనే వచ్చింది.

నష్టం గురక పెట్టేవాళ్లకు. గొంతు వెనక దారిని తెరిచి ఉంచే నాలుక కండరం రెమ్ నిద్రలో మరింత సడలుతుంది. ఊపిరి దారి మూసుకుపోయి, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్లలో చాలామందికి ఈ వేళల్లోనే ఆ ఆగడం ఎక్కువసేపు ఉంటుంది. గురక మధ్యలో ఊపిరి ఆగి, ఉక్కిరిబిక్కిరై లేచే అలవాటుంటే స్లీప్ స్టడీ చేయించుకోవడం మంచిది. ఆ పరీక్షలో గడ్డం కింద ఓ తీగ అతికిస్తారు. గడ్డం కండరం బిగువు పడిపోవడం కూడా చూసి, రోగి రెమ్ నిద్రలోకి వెళ్లాడని టెక్నీషియన్ గుర్తుపడతాడు.

ఉయ్యాలలో పసిపాప నిద్రలో పెదవి విరిచి నవ్వుతుంది, మరుక్షణం మొహం ముడుచుకుంటుంది. దేవుడు ఆడిస్తున్నాడంటారు మన ఇళ్లలో. కాస్త వంగి చూస్తే రెప్పల కింద కనుగుడ్లు కదలడం, ఓ వేలు చటుక్కున వంగడం, పాదం ఎగరడం కనిపిస్తాయి. అప్పుడే పుట్టిన పిల్లల నిద్రలో దాదాపు సగం రెమ్ తరహా నిద్రే. కట్టడి ఉన్నా దాని మధ్యలోంచి ఇలా చిన్నచిన్న ఎగురుపాట్లు తప్పించుకు వస్తుంటాయి. వీటికి ప్రయోజనం ఉందంటాడు అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ బ్లంబర్గ్. ఆయన ఎలుక పిల్లల్లో చూసిందేమిటంటే, మెలకువలో పిల్ల తనంతట తాను కాలు కదిపితే ఆ కదలిక వార్తను మెదడు పెద్దగా పట్టించుకోదు. నిద్రలో కాలు ఎగిరితే మాత్రం అదే వార్త మెదడంతా గట్టిగా నమోదవుతుంది. ఏ తీగ ఏ కండరానిదో మెదడు ఇలా ఒక్కొక్కటే తెలుసుకుంటుందని ఆయన వాదన. ఈసారి పాప నిద్రలో కాలు ఎగరేస్తే జడుసుకుందేమోనని కంగారుపడి లేపకండి. అదో చదువు.

ఇప్పుడు కట్టడి తప్పిన సందర్భాలు. మొదటిది, మెలకువ వచ్చినా కట్టడి వీడకపోవడం. కళ్లు తెరుచుకుంటాయి. గది కనిపిస్తుంది, ఫ్యాను తిరగడం కనిపిస్తుంది. చేయి ఎత్తబోతే లేవదు. అమ్మా అనబోతే గొంతు పెగలదు. గదిలో ఎవరో ఉన్నట్టు, గుండెల మీద ఎక్కి కూర్చున్నట్టు ఉంటుంది. మన ఊళ్లలో దీన్ని దెయ్యం పట్టిందనీ, గొంతు నొక్కిందనీ చెప్పుకుంటారు. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో ముసలి మంత్రగత్తె అంటారు. పేరు ఏదైనా జరిగేది ఒకటే. దీన్ని వైద్యులు నిద్ర పక్షవాతం అంటారు. మెదడులో కొంత మేల్కొంది, కల ఇంకా పూర్తిగా పోలేదు, కండరాల కట్టడి సడలలేదు. ఛాతీ కండరాలు ఇంకా పలకవు కాబట్టి గట్టిగా ఊపిరి పీల్చబోతే బరువు పెట్టినట్టుంటుంది. వందలో ఏడెనిమిది మందికి జీవితంలో ఒక్కసారైనా ఇది వస్తుందని అంచనా. నిద్ర చాలనప్పుడు, షిఫ్టులు మారి నిద్ర వేళలు తప్పినప్పుడు, వెల్లకిలా పడుకున్నప్పుడు ఎక్కువ. ప్రాణానికి ముప్పు లేదు, క్షణాల్లో, మహా అయితే నిమిషాల్లో దానంతటదే వీడిపోతుంది. వేళకు నిద్రపోవడం, పక్కకు తిరిగి పడుకోవడం చాలామందికి సరిపోతుంది. తాయెత్తుకు ముందు ఓ వారం కంటినిండా నిద్రపోయి చూడండి.

రెండోది, పట్టపగలు కట్టడి వచ్చి పడటం. నార్కొలెప్సీ అనే జబ్బు ఉన్నవాళ్లలో కొందరు పగలబడి నవ్వగానే మోకాళ్లు వదిలేసి కూలబడిపోతారు. స్పృహ తప్పదు, మాటలన్నీ వినిపిస్తుంటాయి. మెలకువను నిలబెట్టే ఒరెక్సిన్ అనే పదార్థాన్ని తయారుచేసే కణాలు వాళ్ల మెదడులో నశించడం దీనికి కారణం.

మూడోది అన్నిటికన్నా ముఖ్యమైనది, కట్టడి లేకపోవడం. 1965లో జూవే, ఆయన సహచరుడు పిల్లుల పాన్స్‌లో ఆ చిన్న చోటును దెబ్బతీసి చూశారు. పిల్లి నిద్రలోకి జారుకునేది. రెమ్ నిద్ర రాగానే తల ఎత్తేది, లేచేది, ఎదుట ఏమీ లేకపోయినా పొంచి ఉండి దూకేది, పంజా విసిరేది. అంతా నిద్రలోనే. పిల్లి కలను మనిషి బయటినుంచి చూశాడన్నమాట.

అది ప్రయోగశాల ముచ్చటే అనుకున్నారు, 1980ల దాకా. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో కార్లోస్ షెంక్, మార్క్ మహోవాల్డ్ అనే వైద్యుల దగ్గరకు 67 ఏళ్ల మనిషి ఒకాయన వచ్చాడు. కలలో ఆయన ఫుట్‌బాల్ ఆడుతున్నాడు, ఎదురొచ్చిన ఆటగాణ్ని భుజంతో ఢీకొట్టాడు. మెలకువ వచ్చేసరికి పడకగదిలో బీరువా ముందు ఉన్నాడు. దీపం, అద్దం, బల్ల మీది సామానంతా నేలపాలై ఉంది, తలకూ మోకాలికీ దెబ్బలు. అలాంటి ఐదుగురి వివరాలతో ఆ వైద్యులు 1986లో వ్యాసం రాశారు. రెమ్ నిద్ర ప్రవర్తన లోపం అనే జబ్బు అలా వెలుగులోకి వచ్చింది.

ఆ తర్వాత తెలిసిన సంగతి ఇంకా పెద్దది. ఈ జబ్బున్న 29 మంది మగవాళ్లను షెంక్ బృందం ఏళ్ల తరబడి గమనించింది. 1996 నాటికి వాళ్లలో నూటికి 38 మందికి చేతులు వణికే పార్కిన్సన్స్ తరహా జబ్బు వచ్చింది. 2013 నాటికి, ఆచూకీ దొరికినవాళ్లలో నూటికి 81 మందికి పార్కిన్సన్స్ గానీ మతిమరుపు జబ్బు గానీ వచ్చాయి. 2019లో 24 కేంద్రాలు కలిసి 1,280 మంది మీద చేసిన అధ్యయనంలో 12 ఏళ్లలో నాలుగింట మూడొంతుల మందికి ఇలాంటి జబ్బు వస్తుందని తేలింది. కారణం ఆల్ఫా సైన్యూక్లిన్ అనే మాంసకృత్తి. అది నాడీకణాల్లో గడ్డకట్టి పేరుకుంటుంది. చాలామందిలో ఆ పేరుకోవడం మెదడు కాండం దగ్గర మొదలై పైకి పాకుతుంది. చేతుల వణుకు తెప్పించే చోటుకు చేరేలోపు, కలల కట్టడి చూసుకునే చోటు దారిలోనే ఉంది. అందుకే వణుకు కన్నా ఎన్నో ఏళ్ల ముందు తన్నులు మొదలవుతాయి.

పారిస్‌లో ఇసబెల్ ఆర్నుల్ఫ్ అనే వైద్యురాలి బృందం 2007లో చెప్పిన విషయం మరీ ఆశ్చర్యం. పార్కిన్సన్స్ వచ్చి పగలు అడుగు తీసి అడుగు వేయలేనివాళ్లు, గొంతు పీలగా అయిపోయినవాళ్లు, నిద్రలో కలను నటించేటప్పుడు చురుగ్గా చేతులు విసురుతారు, గట్టిగా, స్పష్టంగా మాట్లాడతారు. వాళ్ల పక్కన పడుకునే 53 మందిని అడిగితే, కదలికలోనో మాటలోనో ఏదో ఒకటి పగటికన్నా బాగుందనే అందరూ చెప్పారు. పగలు జబ్బుతో మొరాయించే మార్గాన్ని తప్పించుకుని కలలోని ఆజ్ఞలు వేరే దారిలో దిగుతున్నాయేమోనని ఆ వైద్యుల ఊహ.

ఇక్కడ ఓ జాగ్రత్త. నిద్రలో కలవరించే ప్రతివాళ్లకూ రెమ్ నిద్ర ప్రవర్తన లోపం ఉన్నట్టు కాదు. పిల్లలు నిద్రలో నడవడం పూర్తిగా వేరు. అది రాత్రి మొదటి భాగంలో, కలలు పెద్దగా లేని గాఢనిద్రలో వస్తుంది. కళ్లు తెరిచే ఉంటాయి, తెల్లారి ఏమీ గుర్తుండదు, పెద్దయ్యేకొద్దీ చాలామందిలో పోతుంది. ఈ జబ్బు ఎక్కువగా యాభై దాటినవాళ్లది. రాత్రి రెండో భాగంలో, కళ్లు మూసుకునే తన్నడం, గుద్దడం, తిట్టడం ఉంటాయి. లేపితే చప్పున లేచి, దొంగను పట్టుకున్నాననో పాము మీదికొచ్చిందనో కల చెబుతారు. డిప్రెషన్‌కు వాడే కొన్ని మందుల వల్ల కూడా ఇలా రావచ్చు. అలాగని ఆ మందులు సొంతంగా ఆపేయకండి, రాసిన డాక్టరుకే చెప్పండి.

చేయగలిగింది చాలానే ఉంది. మంచం పక్కన గాజు సామాను, మూలలున్న బల్లలు తీసేయడం, మంచం ఎత్తు తగ్గించడం, కొన్నాళ్లు వేరే మంచం మీద పడుకోవడం. మెలటోనిన్, క్లోనజెపామ్ లాంటి మందులు చాలామందిలో తన్నులు తగ్గిస్తాయి, డాక్టరు చెబితేనే వాడాలి. పార్కిన్సన్స్ రాకుండా ఆపే మందు ఇంకా లేదు. దాన్ని వెతికేవాళ్లకు మాత్రం జబ్బు ముదరకముందే దొరికే మనుషులు వీళ్లే.

చిక్కేమిటంటే, చాలాసార్లు రోగికి తన సంగతి తెలియదు. తెలిసేది దెబ్బలు తిన్న ఇల్లాలికి. 'మా ఆయన నిద్రలో పోట్లాడుతున్నారండీ' అని ఆవిడ పదిమందిలో చెబితే అందరూ నవ్వేస్తారు. 2012లో నిపుణులు ఈ జబ్బును ముందుగా పసిగట్టడానికి ఒకే ఒక్క ప్రశ్న చాలునని చూపించారు. నిద్రలో గుద్దడం, చేతులు విసరడం, పరుగెత్తినట్టు కాళ్లు ఆడించడం లాంటివి చేసి కలను నటిస్తున్నారని మీతో ఎవరైనా అన్నారా, లేక మీకే అనుమానం వచ్చిందా? ఆ ప్రశ్న ఈ రాత్రి మీ ఇంట్లో అడగండి. జవాబు అవునని వస్తే నరాల డాక్టరు దగ్గరకు వెళ్లండి. వెళ్లేటప్పుడు ఆ జవాబు చెప్పినవాళ్లను కూడా వెంటబెట్టుకెళ్లండి. డాక్టరుకు కావలసిన సాక్షి వాళ్లే.